డబ్బాలో చివరి ఫ్లాపీ

మీ ఫోన్లో అప్పుడప్పుడు ఒక చిన్న చీటీలాంటిది పైకి లేస్తుంది కదా, కొత్తది వచ్చింది, వేసుకుంటారా అని. దాని పక్కన ఒక నంబరు, మధ్యలో ఒక చుక్క, మళ్లీ ఒక నంబరు. మీరు చూడను కూడా చూడకుండా వేలితో పక్కకు తోసేస్తారు. నాకు మాత్రం ఆ చుక్క కనిపిస్తే ఇప్పటికీ గుండె దడదడ కొట్టుకుంటుంది. ఒకప్పుడు ఎల్బీ నగర్‌లో షామియానా కింద కూర్చున్న రెండు వందల కుటుంబాలను ఆ చుక్కే లేపి నిలబెట్టింది. అందులో నా చెయ్యి ఉంది. తప్పు జరగడంలోనూ ఉంది, దాన్ని దిద్దడంలోనూ ఉంది. అందుకే చెబుతున్నాను.

నేను చదివింది అయిదో తరగతి. పని చేసింది కంప్యూటర్ సెంటర్లో. నవ్వకండి. ఎనభైల చివర్లో దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద, సైకిళ్ల దుకాణం పైన ఉండేది మా ఆఫీసు. ఊడ్చడానికి, నీళ్లు ఇవ్వడానికి, లోపలికి పోయేవాళ్ల చెప్పులు బయట విడిపించడానికి నన్ను పెట్టుకున్నారు. మనుషులు కూర్చునే గదిలో ఒక్క ఫ్యాను తిరిగేది. రెండు కంప్యూటర్లు ఉండే గదికి ఏసీ! మే నెలలో ఆ గది తుడవాల్సి వస్తే నేను ఎంత శ్రద్ధగా తుడిచేదాన్నో మీరు ఊహించుకోవచ్చు.

కిటికీలోంచి చూస్తే రోడ్డంతా ఇసుక లారీలు, ఇటుక ట్రాక్టర్లు. అవన్నీ కొత్తపేట వైపు, ఎల్బీ నగర్ వైపు పోయేవే. నిన్న జొన్న కోసిన చేనులో ఈ రోజు సున్నంతో గీతలు, రేపు కాలనీ పేరుతో బోర్డు. ఊరు ఉరుకుతోంది అనిపించేది. ఆ ఉరుకులో మా ఆఫీసుకు దొరికిన పని ఒక హౌసింగ్ సొసైటీది. సభ్యులు రెండు వందల మంది, ప్లాట్లు రెండు వందలు. ఎవరికి ఏ ప్లాటు అన్నది చీటీలు తీసి కాకుండా కంప్యూటర్‌తో తీయించాలని వాళ్ల కోరిక. చీటీ తీసే చేతిని నమ్మరు కానీ కంప్యూటర్‌ను నమ్ముతారు. మాకు అది గొప్పగా ఉండేది.

ఆ ప్రోగ్రామ్ ఉండేది ఫ్లాపీల మీద. అప్పడం అంత పలుచగా, నల్లగా, చదరంగా ఉండేవి. ప్రోగ్రామ్ రాసే పాత సారు వాటిని నా చేతికి అప్పగించాడు. మలక్‌పేట నుంచి సైకిల్ మీద వచ్చేవాడు ఆయన. "అక్కా, గివి నీ బిడ్డలనుకో. వంచకు, తడపకు, ఎండల పెట్టకు," అన్నాడు. ప్రోగ్రామ్‌లో ఏదైనా మార్చినప్పుడల్లా కొత్త ఫ్లాపీ తీసి, తెల్ల చీటీ అంటించి నంబరు రాసేవాడు. మూడు చుక్క ఒకటి, మూడు చుక్క రెండు, అట్లా. మూడు అంటే మా ఆఫీసులో ఆ సొసైటీ పనికి పెట్టిన నంబరు. చుక్క తర్వాతది ఎన్నోసారి మార్చాడన్నది. తొమ్మిది అయ్యాక మూడు చుక్క పది రాశాడు, ఆ తర్వాత పదకొండు, పన్నెండు.

నేను నంబర్లు చదవగలను, కానీ గుర్తు పెట్టుకునేది నంబర్లతో కాదు. ఏసీ పాడైన రోజు వచ్చింది నాలుగోది. గడ్డిఅన్నారం మార్కెట్టుకు మామిడికాయలు మొదలైన వారంలో ఆరోది. తొమ్మిదో దాని చీటీ మీద పాత సారు చాయ్ ఒలకబోశాడు. కప్పు అంచులాగా గుండ్రంగా మరక పడింది. ఆ తర్వాతే వానలు మొదలయ్యాయి. వానల్లోనే సొసైటీవాళ్లు ప్లాట్ల పటం, కొత్త నక్షా, పట్టుకొని ఉరికి వచ్చారు. కాలనీకి పోయే రోడ్డు వెడల్పు చేయమని ప్రభుత్వం వాళ్లు పట్టుబట్టారట. ముందు వరుసలో ఒకటి నుంచి పదహారు దాకా ప్లాట్లు రోడ్డుకు పోయాయి. వాటికి బదులు వెనకాల పొలం కొని పదహారు కొత్తవి వేశారు. దాని కోసం చేసిందే మూడు చుక్క పది. దానిలో మిగిలిన తప్పులు దిద్ది సొసైటీవాళ్లతో సరేననిపించుకున్నది మూడు చుక్క పదకొండు.

ఇంకొక సంగతి చెప్పాలి. మా యజమానికి ఆ చుక్క అంటే గిట్టదు. "చుక్క పెడితే పని సగమే అయిందనుకుంటరు," అని సొసైటీకి ఇచ్చే ఉత్తరాల్లో తన సొంత నంబర్లు వేసేవాడు, ఒకటి, రెండు, మూడు అని. అదొక్కటే అయితే బాగుండేది. ఎనిమిది ఆయనకు అచ్చిరాదు! కారు నంబరులో ఎనిమిది ఉండొద్దు, ఫోన్ నంబరులో ఉండొద్దు. ఉత్తరాల్లో ఏడు తర్వాత తొమ్మిది వేశాడు. అది చూసి పాత సారు నా దగ్గరకొచ్చి తల పట్టుకున్నాడు. "ఇగ సూడక్కా, నా ఎనిమిది ఆయనకు తొమ్మిది. నా తొమ్మిది ఆయనకు పది. రేపు ఎవడన్న అడిగితే నువ్వే చెప్పాలె," అని నవ్వాడు.

తర్వాత ఆయనకు బొంబాయిలో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. ఆయన జాగాలో కోస్తా నుంచి కొత్త సారు వచ్చాడు. మంచివాడు, ఇస్త్రీ చొక్కా, పెద్ద చదువు. వచ్చిన వారంలోనే డ్రా. ముందురోజు సాయంత్రం నా ఫ్లాపీల డబ్బా ముందు వేసుకొని సర్దడం మొదలుపెట్టాడు.

"ఏంటమ్మా ఇది, ఒక వరుసా పద్ధతీ లేదు?" అన్నాడు.

నేను చూస్తూనే ఉన్నాను. ఒకటి పక్కన పదిని, పదకొండును, పన్నెండును పెట్టాడు. తర్వాత రెండు, మూడు. అందరికంటే వెనకాల తొమ్మిది. ఇదేంది ఇట్లా పెట్టాడు అని నాకు తట్టింది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆయన అంత చదివినవాడు, నేను చీపురు పట్టేదాన్ని, నాకేం తెలుసులే అని ఊరుకున్నాను. నా తప్పు అక్కడే మొదలైంది. పని చేసే చోట మీకూ ఇట్లాంటి ఘడియ వస్తుంది. అప్పుడు నాలాగా ఊరుకోకండి.

తెల్లవారి అంబాసిడర్ కారు వచ్చింది. కంప్యూటర్‌ను బొంతలో చుట్టి, వెనక సీట్లో బాలింతలాగా కూర్చోబెట్టాం. ప్రింటర్ డిక్కీలోకి పోయింది. కొత్త సారు కిందినుంచి కేకేశాడు, "అమ్మా, ఆ డబ్బాలో చివరి ఫ్లాపీ పట్టుకొచ్చేయ్!" నేను ఉరుకులాటలో పైకి పోయి, చివరిది తీసి, కవరులో పెట్టి తెచ్చిచ్చాను. చీటీ చూడలేదు. పుట్టి బుద్ధెరిగాక కారెక్కడం అదే మొదటిసారి, నా మనసు మనసులో లేదు.

ఎర్రమట్టి నేల, హద్దురాళ్లు, మధ్యలో షామియానా. పక్కింటి నుంచి వైరు లాగి కరెంటు తెచ్చారు. జనం టిఫిన్ డబ్బాలతో, గొడుగులతో దిగారు. వాళ్లలో మా వదిన కూడా ఉంది, మా ఆయన అక్క. సర్కారు దవాఖానలో ఆయా పని చేసేది. ఆమె భర్తకు పక్షవాతం వచ్చి ఒక చెయ్యి, ఒక కాలు పడిపోయాయి. మూలమీది ప్లాటు దొరికితే ముందర చిన్న కొట్టు కట్టి ఆయనను గల్లా ముందు కూర్చోబెట్టాలని ఆమె ఆశ. ఆ ప్లాటు కోసం ఆరు నెలలుగా మా చర్చిలో అందరితో ప్రార్థన చేయించింది. ఆమె వాటా ప్రార్థన నేనూ చేశాను.

ముఖ్య అతిథి మీట నొక్కాడు. ప్రింటర్ కిర్రు కిర్రుమంటూ కాగితం కక్కింది. గొంతు పెద్దదని ఒక స్కూలు టీచరును చదవమన్నారు. సొసైటీ సెక్రటరీ అతిథితో ఫోటోలు దిగుతూ గేటు దగ్గర ఉన్నాడు.

అయిదో పేరు మా వదినది. "ప్లాటు నంబరు నలభై రెండు!"

"మూలమీదిది!" అని అరిచింది వదిన. వచ్చి నా మెడ చుట్టూ చేతులు వేసింది. "రెండు దిక్కుల రోడ్డే పిల్లా! మీ అన్నకు కొట్టు అయింది, ఇగ నా బతుకు ఒడ్డుకు పడ్డది!" ఆమె ఏడుస్తోంది, నేనూ ఏడుస్తున్నాను. ఆ సంతోషం అబద్ధం కాదు, ఇప్పటికీ అనుకుంటే ఒళ్లు పులకరిస్తుంది.

ఇంకో నాలుగైదు పేర్లు అయ్యాక ఒక ఆర్టీసీ కండక్టర్ పేరు చదివారు. చంకలో బిడ్డతో భార్య పక్కనే ఉంది. "ప్లాటు నంబరు ఏడు!"

"మొదటి వరుస! మెయిన్ రోడ్డు ముంగట్నే!" అని అతను బిడ్డను పైకి ఎగరేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టబోయి ఆగిపోయాను.

ఏడు? ఒకటి నుంచి పదహారు దాకా రోడ్డుకు పోయాయి కదా! కొత్త నక్షా సంగతి ఈ జనానికి ఇంకా తెలియదు.

కంప్యూటర్ దగ్గరకు పోయి ఫ్లాపీ బయటకు తీసి చీటీ చూశాను. కప్పు అంచులాగా గుండ్రంగా చాయ్ మరక. వానలకు ముందుది.

వదిన దగ్గరకు వచ్చి చెవిలో చెప్పాను. ఆమె ముఖం చూస్తూ చూస్తూ రంగు మారింది.

"అంటే నాది గూడ పోతదా?"

"నీ ప్లాటు ఉంటది వదినె. గని డ్రా మళ్ల తియ్యాలె."

"కూసో," అని నా కొంగు పట్టి కిందికి లాగింది. "నీకేం నొప్పి? నువ్వేమన్న సారువా? సార్లు సూసుకుంటరు. నోర్మూసుకొని కూసో!"

కూర్చున్నాను. నిజం చెబుతున్నాను, ఒక పేరు చదివేదాకా కూర్చున్నాను. ఎదురుగా కండక్టర్ భార్య ఆ పిల్లకు షామియానా సందులోంచి చెయ్యి చూపిస్తోంది, అగో మన ఇల్లు అని. ఆమె చూపిస్తున్నది రోడ్డు. కొంగు వదిన చేతిలోనే ఉండిపోయింది, నేను లేచి నిలబడ్డాను.

"సార్, ఆపుండ్రి! అది పాత ఫ్లాపీ!"

కొత్త సారు ముందు నవ్వాడు. "ఏం మాట్లాడుతున్నావమ్మా? చివరిదే కదా తెచ్చావ్. మూడు పాయింట్ తొమ్మిది. దానికంటే పెద్దది లేదు."

"ఉన్నది సార్. పది ఉన్నది, పదకొండు ఉన్నది."

"మూడు పాయింట్ పది అంటే మూడు పాయింట్ ఒకటేనమ్మా. దశాంశాలు చదువుకోలేదా?"

"లేదు సార్. అయిదులనే బందు పెట్టిన."

జనం గొల్లుమన్నారు. కానీ ఆ నవ్వులోంచే లొల్లి లేచింది. టీచరు కాగితం పక్కన పెట్టి, "సారు చెప్పింది కరెక్టే, ఇది ఆరో క్లాసు లెక్క," అన్నాడు. ఒక కిరాణా కొట్టాయన లేచి, "మూడు రూపాయల తొంభై పైసలు పెద్దదా, పది పైసలు పెద్దదా? గది జూడుండ్రి," అన్నాడు. వెనకనుంచి ఒక పోరగాడు, "క్రికెట్‌ల మూడు పాయింట్ అయిదు అయినంక నాలుగే. గీ తొమ్మిది, పది యాడికెళ్లి వచ్చినయ్?" అన్నాడు. ఒక ముసలాయన చేతి గడియారం పైకెత్తి, "మూడు గంటల తొమ్మిది నిమిషాలైనంక మూడూ పదే గదా అయ్యేది! ఆ అమ్మ చెప్పిందే నిజం," అన్నాడు.

నాకు ధైర్యం వచ్చింది. "బైబిల్ల మూడో అధ్యాయం తొమ్మిదో వచనమైనంక పదో వచనమే ఒస్తది సార్. మళ్ల మొదటి వచనానికి పోరు," అన్నాను.

"ఇది ప్లాట్ల మీటింగా, ప్రార్థన కూడికా?" అని ఎవరో అన్నారు. మళ్లీ నవ్వులు.

సెక్రటరీ గేటు దగ్గరనుంచి ఉరికి వచ్చాడు. ఆయనకు ఒక్కటే మాట చెప్పాను, ఏడో నంబరు వచ్చిందని. ఆయన నవ్వలేదు. కొత్త నక్షా తెప్పించి బల్ల మీద పరిచాడు. ఏడో నంబరు ఉండాల్సిన చోట రోడ్డు. లిస్టంతా వేలు పెట్టి చూశాడు. అట్లాంటివి పదహారు.

కండక్టర్ బిడ్డను భార్యకు ఇచ్చి నా దగ్గరకు వచ్చాడు. "సెక్రటరీ సాబ్, నీ స్కూటర్ తాళం ఇయ్యి. అక్కా, పదా, ఆ డబ్బా తెద్దాం."

స్కూటర్ ఎక్కడం కూడా నాకు అదే మొదలు! కొత్తపేట, చైతన్యపురి ఎప్పుడు దాటామో తెలియదు. ఇసుక లారీల మధ్యలోంచి అతను పాములాగా తీసుకుపోయాడు, నేను కళ్లు మూసుకొని సీటు వెనకాల ఉండే స్టెప్నీ చక్రం గట్టిగా పట్టుకున్నాను. దిల్‌సుఖ్‌నగర్ దగ్గరకు వచ్చాక వెనక్కు తిరగకుండానే అడిగాడు.

"అక్కా, నా ఏడో నంబరు ఇగ పోయినట్టేనా?"

"అది ఎప్పుడో పోయింది తమ్మీ. నీకు ఇయ్యాల తెలిసింది."

"మంచిగైంది. ఇల్లు కట్టినంక తెలిస్తే ఏమైతుండె?" అన్నాడు. గొంతు మాత్రం మంచిగా లేదు.

డబ్బా మొత్తం తెచ్చి కొత్త సారు ముందు పెట్టాను. ఆయన చొక్కా చెమటకు తడిసిపోయింది. ఆయన ఉద్యోగం కూడా ఆ బల్ల మీదే ఉంది మరి. సెక్రటరీ ఫైలు తీసి మా యజమాని ఉత్తరం చదివాడు. సొసైటీ ఒప్పుకున్నది పన్నెండో నంబరు ప్రోగ్రామ్ అని అందులో ఉంది. కొత్త సారు డబ్బాలో వెతికి, మూడు చుక్క పన్నెండు బయటకు తీశాడు. "హమ్మయ్య! ఇదిగోండి, పన్నెండు. ఉత్తరంలోనూ పన్నెండే."

నేను ఆయన మణికట్టు పట్టుకున్నాను. మగవాడి చెయ్యి, అదీ సారు చెయ్యి, రెండు వందల కుటుంబాల ముందు!

"వద్దు సార్. అది అరకొర పని. పాత సారు పోయేటప్పుడు సగంల ఇడిసిపెట్టిండు. ఒకే ప్లాటు ఇద్దరికి ఇస్తున్నదని తిట్టుకుంట లేచిండు. యజమాని పన్నెండు అంటే మన పదకొండు సార్."

"అదెలా?"

"ఆయనకు ఎనిమిది లేదు సార్."

కొత్త సారు నా ముఖం, ఉత్తరం మార్చి మార్చి చూశాడు. యజమానిని అడుగుదామంటే ఆయన మొక్కు తీర్చుకోవడానికి రైలెక్కి పోయాడు. సెక్రటరీ ఫైలు వెనక్కు తిప్పుకుంటూ పోయాడు. ఏడో నంబరు ఉత్తరం దొరికింది. దాని తర్వాతిది తొమ్మిది. మధ్యలో ఏదీ లేదు.

"అరే!" అన్నాడు సెక్రటరీ. "ఎనిమిదో ఉత్తరం నేనే యాడనో పారేసిన అనుకొని ఇల్లంత దేవులాడిన! మా ఆడోళ్ల మీద లేచిన! అది అసలు లేనే లేదా?"

కొత్త సారు వేళ్లతో లెక్క పెట్టుకున్నాడు. మా ఎనిమిది ఆయనకు తొమ్మిది, మా తొమ్మిది పది, మా పది పదకొండు, మా పదకొండు పన్నెండు. చివరి వేలు మడిచి నా వైపు చూసి, "అమ్మా, మూడు పాయింట్ పదకొండు ఇవ్వండి," అన్నాడు. అప్పటిదాకా ఇవ్వు అన్న మనిషి ఇవ్వండి అన్నాడు. ఆ ఒక్క అక్షరాన్ని ఇన్నేళ్లూ దాచుకున్నాను.

ఈసారి మీట నొక్కే ముందు ఆయన సెక్రటరీని పక్కన నిలబెట్టుకొని, ప్రోగ్రామ్‌లోని ప్లాట్ల జాబితాను నక్షాతో పోల్చి చూపించాడు. పదహారు దాకా లేవు, వెనకాలవి ఉన్నాయి, లెక్క సరిగ్గా రెండు వందలు. అతిథి మళ్లీ వచ్చి మళ్లీ ఫోటో దిగాడు. ప్రింటర్ మళ్లీ కిర్రుమంది.

అయిదో పేరు వచ్చేసరికి నేను కళ్లు మూసుకున్నాను. దేవా, నలభై రెండే ఇయ్యి, నీకేం పోతుంది అని అడిగాను.

"నూట డెబ్బై అయిదు."

బాగా వెనకాల, మురుగు నాలా పక్కన. దారినపోయే మనిషి ఉండడు, అక్కడ కొట్టు పెడితే ఎవరు కొంటారు? వదిన లేవలేదు. ఒళ్లో టిఫిన్ డబ్బా పెట్టుకొని దాని మూతను చూస్తూ కూర్చుంది. నేను పక్కన కూర్చుంటే జరగలేదు, నా వైపు తిరగలేదు. నేను చేసిన పని సరైనదే అయినా, ఆమెకు జరిగిన నష్టం నష్టమే.

కండక్టర్‌కు నూట పది వచ్చింది. మధ్య వరుస, గట్టి నేల. కాగితం పట్టుకొని నక్షా దగ్గరకు పోయి, ఆ ప్లాటు నిజంగా ఉందా అని వేలు పెట్టి మూడుసార్లు చూసుకున్నాడు. తర్వాత భార్యను, బిడ్డను తీసుకొని మా వైపు వచ్చాడు. నా ముందు నిలబడి రెండు చేతులూ జోడించాడు.

"అక్కా, నువ్వు లేవకపోతే మేం రోడ్డు మీద పడుతుంటిమి. నీకు దండం పెడుతున్న."

"దానికెందుకు పెడుతవ్?" అంది వదిన.

డబ్బా మూత మీదినుంచి తల ఎత్తింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం దవాఖానలో వార్డు అంతటికీ వినిపించే గొంతే.

"దానికేం పోయింది? నోరున్నది, లేచి ఒర్రింది. మూలమీది ప్లాటు పోయింది నాది. పెడితే నాకు పెట్టు దండం."

అతను ఒక ఘడియ ఆమెను, ఒక ఘడియ నన్ను చూశాడు. తర్వాత ఆమె వైపు తిరిగి, తల బాగా వంచి దండం పెట్టాడు. అతని భార్య కూడా పెట్టింది. వదిన తిరిగి దండం పెట్టలేదు. టిఫిన్ డబ్బా మూత తీసి, అందులో ఉన్న పులిహోర ముందు ఆ బిడ్డ చేతిలో పెట్టింది, తర్వాత నాకు పెట్టింది.